లింకు వెనకున్న బాణం

కొత్త వాచీ చేతికి రాగానే అందరూ డయల్ చూస్తారు, ముళ్లు చూస్తారు, కేసు మెరుపు చూస్తారు. చైనును తిరగేసి లోపలి వైపు చూసేవాళ్లు అరుదు. నా మటుకు నాకు స్టీలు చైను అసలు పనితనం ఆ లోపలి వైపే కనిపిస్తుంది. చర్మానికి ఆనుకునే ఆ వైపున, లాక్‌కు దగ్గరగా ఉన్న కొన్ని లింకుల మీద, గోటితో గీసినంత సన్నగా ఒక బాణం గుర్తు ఉంటుంది. అది వాచీ పెట్టుకునేవాళ్ల కోసం చెక్కింది కాదు. ఈ చైనును ఎప్పుడో ఒకనాడు ఎవరో విప్పాల్సి వస్తుందని ముందే తెలిసి, తయారుచేసినవాళ్లు ఆ విప్పేవాళ్లకు వదిలిన సూచన. లోపలున్న పిన్ను బాణం చూపే వైపే బయటికి వస్తుంది, వెనక్కి తోస్తే రాదు. బాణం ఉన్న లింకు ఊడుతుంది, లేనిది ఊడదు.

ఫ్యాక్టరీలో చైను చేసేవాడికి అది ఎవరి మణికట్టుకు చేరుతుందో తెలియదు. కాబట్టి పెద్ద చేతికి సరిపోయేలా చేస్తాడు. దర్జీ జాకెట్టు కుట్టేటప్పుడు రేపటి కోసం లోపలి మడతలో గుడ్డ వదిలినట్టు, చైనులో కొన్ని లింకులు తీసేయడానికే పెడతాడు. అయితే గుడ్డకు లేని చిక్కు ఉక్కుకు ఉంది. లింకు తీయాలంటే సులువుగా ఊడిరావాలి. తీయనంత కాలం, రోజూ వంగుతూ, లాగుడు తింటూ, చెమటలో నానుతూ కూడా ఊడకూడదు. ఊడిన తర్వాత మళ్లీ బిగిస్తే మొదటిసారి ఉన్నంత గట్టిగానే ఉండాలి. ఈ మూడు కోరికలూ ఒకదానికొకటి పడనివి. వాటిని ఒక మిల్లీమీటరు మందం పిన్నులో రాజీ చేశారు. చేతులు సన్నగా ఉన్నవాళ్ల విషయంలో ఆ రాజీకి అసలు పరీక్ష ఎదురవుతుంది.

ముందు చైను భాగాలను వరసగా చూద్దాం. వాచీ కేసుకు నాలుగు మూలలా కిందికి వంగిన కాళ్లు ఉంటాయి, వాటిని లగ్గులంటారు. పై రెండు లగ్గుల మధ్య, కింది రెండింటి మధ్య ఒక్కో స్ప్రింగ్ బార్ కూర్చుంటుంది. బయటికి అది మామూలు సన్నటి కడ్డీలా కనిపిస్తుంది. నిజానికి అదొక గొట్టం, లోపల చుట్టల స్ప్రింగు, రెండు చివరలా లోపలికి నొక్కుకుపోయే మొనలు. ఆ మొనలు లగ్గులకు లోపలి వైపున్న కన్నాల్లోకి దూకి నిలబడతాయి. ఈ బార్ మీద కూర్చునే మొదటి ముక్క ఎండ్ లింకు. దాని ఒక అంచు కేసు గుండ్రానికి సరిగ్గా అమరేలా వంపు తిరిగి ఉంటుంది, కాబట్టి ఏ వాచీ ఎండ్ లింకు ఆ వాచీకే. ఆ తర్వాత కొన్ని తీయడానికి వీల్లేని లింకులు, వాటి తర్వాత బాణం గుర్తున్నవి, చివర లాక్. 12 అంకె వైపు నుంచి ఒక సగం, 6 అంకె వైపు నుంచి ఒక సగం వచ్చి మణికట్టు కింద ఆ లాక్ దగ్గర కలుస్తాయి.

ఇక లింకు లోపల. మామూలుగా కనిపించే మూడు వరసల చైనులో ప్రతి లింకుకూ మధ్యలో ఒక దిమ్మ, అటూ ఇటూ రెండు రెక్కలు. పక్క లింకు మధ్య దిమ్మ వచ్చి ఈ లింకు రెక్కల సందులో దూరుతుంది. మూడింటినీ గుచ్చుతూ పక్కనుంచి ఒక పిన్ను వెళుతుంది. తలుపు కీలులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది: ఒక భాగం పిన్నును గట్టిగా పట్టుకుంటుంది, ఇంకొకటి దాని చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతుంది. రెండూ పట్టుకుంటే చైను వంగదు. రెండూ వదిలేస్తే పిన్ను రాలిపోతుంది.

సన్నటి మణికట్టు దగ్గర ఏం తేడా వస్తుందో లెక్క వేసి చూస్తే బాగా తెలుస్తుంది. 14 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతిని లెక్క కోసం గుండ్రం అనుకుందాం. మణికట్టు నిజానికి కోలగా ఉంటుంది, కానీ సంగతి అర్థం కావడానికి ఇది చాలు. వ్యాసార్ధం 22 మిల్లీమీటర్ల పైచిలుకు. దాని చుట్టూ 10 మిల్లీమీటర్ల పొడవు లింకులు చుడితే ప్రతి కీలూ సుమారు 25 డిగ్రీలు వంగాలి. అవే లింకులు 18 సెంటీమీటర్ల చేతి మీద 20 డిగ్రీలు వంగితే సరిపోతుంది. కీలు ఎంతవరకు వంగగలదో లింకుల అంచులే నిర్ణయిస్తాయి. ఒక హద్దు దాటాక ఉక్కు ఉక్కుకు తగిలి ఆగిపోతుంది. ఆ హద్దు 20 డిగ్రీలకు కాస్త పైన ఉన్న చైను పెద్ద చేతికి హాయిగా చుట్టుకుంటుంది, చిన్న చేతి మీద మాత్రం పక్కలకు పొడుచుకొచ్చి గుడారంలా నిలబడుతుంది. ఎన్ని లింకులు తీసినా ఆ బాధ పోదు, ఎందుకంటే లోపం పొడవులో లేదు, వంపులో ఉంది.

లింకు పొడవును 5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే అదే చిన్న చేతి మీద కీలు 13 డిగ్రీలు వంగితే చాలు. కీలు దగ్గర చర్మానికీ ఉక్కుకూ మధ్య సందు అర మిల్లీమీటరు పైనుంచి సుమారు 0.14 మిల్లీమీటర్లకు పడిపోతుంది. లింకు సగమైతే సందు సగం కాలేదు, నాలుగో వంతుకు వచ్చింది. రోలెక్స్ వాళ్లు 1945లో డేట్‌జస్ట్ వాచీతో పాటు తెచ్చిన జూబిలీ చైను ఇప్పటికీ సన్నటి చేతుల మీద అంత ఒద్దికగా ఎందుకు కూర్చుంటుందో ఈ లెక్క చెబుతుంది. అందులో వరసకు అయిదు ముక్కలు, లింకులు పొట్టివి. అంతకు ముందు, 1930ల చివర్లో వచ్చిన వాళ్ల ఆయిస్టర్ చైనులో మూడే బల్లపరుపు ముక్కలు, లింకులు పొడుగు. ఆయిస్టర్ దృఢంగా ఉంటుంది, జూబిలీ గుడ్డలా జారుతుంది. చిన్న మణికట్టు వాళ్లు వాచీ కొనేటప్పుడు డయల్ ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతారు. లింకు పొడవెంత అని కూడా అడగాలంటాను నేను.

ఇంకో రెండు చోట్ల కూడా ముందే చూసుకోవాలి. కొన్ని ఎండ్ లింకుల్లో మధ్య దిమ్మ లగ్గుల కంటే ముందుకు పొడుచుకొని వచ్చి, దానికి తర్వాతి లింకు వేలాడుతుంది. ఆ దిమ్మ కదలదు. అంటే లగ్గుల కొన నుంచి కొనకు 40 మిల్లీమీటర్లున్న వాచీ కూడా చేతి మీద నలభై అయిదున్నట్టు పడుకుంటుంది. మరికొన్నింట్లో ఎండ్ లింకు మధ్యలో ఖాళీ ఉండి, తర్వాతి లింకే లోపలికి వచ్చి తగులుకుంటుంది, లగ్గుల దగ్గరే చైను కిందికి వాలుతుంది. చిన్న చేతికి కావలసింది రెండోదే. రెండో సంగతి, తీయడానికి వీల్లేని లింకులెన్ని ఉన్నాయన్నది. బాణం ఉన్నవన్నీ తీసేసినా చైను ఇంకా వదులుగానే ఉంటే ఎంత మంచి పనివాడైనా చేయగలిగింది తక్కువ.

పిన్ను నిలబడే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది చీలిక పిన్ను. ఒక తీగను మధ్యకు మడిచి రెండు పొరలూ కలిపి నొక్కినట్టుంటుంది. ఒక కొన మూసుకుని, రెండో కొన చీలి, చీలిన రెండు పాయలూ కొద్దిగా ఎడంగా ఉంటాయి. కన్నంలోకి వెళ్లేటప్పుడు ఆ పాయలు దగ్గరకు నొక్కుకుంటాయి. వెళ్లాక బయటికి తన్నుతూ కన్నం గోడలను పట్టుకుంటాయి. బాణానికి ఇక్కడ చక్కటి కారణం ఉంది. బాణం వెనక వైపు పిన్ను మూసిన కొన ఉంటుంది. పిన్నును తోసే సన్నటి పనిముట్టు, అంటే పంచ్, దాని మొన ఆ కొన మీద ఆని తోస్తే చీలిన కొన ముందు బయటపడుతుంది. అటువైపు నుంచి తోస్తే పంచ్ మొన చీలికలో ఇరుక్కుని పాయలను విడదీస్తుంది, పిన్ను ఇంకా బిగుసుకుపోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా, మూసిన కొన ముందు లోపలికి పోయేలా పెట్టాలి. అంటే తీసిన వైపు నుంచే పెట్టడం. చీలిన కొన చివర్లో, సుత్తి దెబ్బ తగిలే వైపు మిగులుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక తలకిందులుగా పెట్టిన పిన్ను కొన్నాళ్లు బాగానే ఉండి, తర్వాత లింకు పక్కనుంచి మెల్లగా బయటికి తలపెడుతుంది.

రెండో పద్ధతి నాకు అన్నింటికంటే ఇష్టమైనది, పిన్ను-కాలర్. జపాన్ వాచీల చైనుల్లో ఇది తరచుగా కనబడుతుంది. ఇందులో పిన్ను నున్నటి సాదా కడ్డీ, చీలిక ఏమీ ఉండదు. లింకు మధ్య దిమ్మలోని కన్నం, పక్క రెక్కల కన్నాల కంటే కొంచెం వెడల్పు. ఆ వెడల్పు కన్నంలో బియ్యపు గింజ కంటే చిన్న గొట్టం ఒకటి కూర్చుంటుంది. అదే కాలర్. పిన్ను ఒక రెక్కలోంచి వచ్చి కాలర్‌లోకి బిగుతుగా దూరి, అటు రెక్కలోకి పోతుంది. పిన్నును పట్టుకునేది కాలర్ ఒక్కటే. రెక్కల కన్నాలు సన్నవి కాబట్టి కాలర్ అటూ ఇటూ పోలేదు. కాలర్ పోలేదు గనక దాని గుప్పిట్లో ఉన్న పిన్ను కూడా పోలేదు. లింకు ఉక్కుకు ఈ పట్టుతో పనే లేదు. బిగింపు అరిగిపోతే అరిగేది కాలర్, మారిస్తే సరిపోయేది కాలర్. పెద్ద భాగం పదిలంగా ఉండాలంటే అరిగే పనిని చిన్న భాగానికి అప్పగించాలన్నది యంత్రాలు చేసేవాళ్లందరికీ తెలిసిన నియమమే. ఇంత చిన్న జాగాలో దాన్ని పాటించిన తీరు మాత్రం చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది.

ఇందులో చిక్కల్లా ఒకటే. పిన్ను తీయగానే కాలర్‌ను పట్టి ఉంచేదేమీ ఉండదు. లింకులు విడదీసిన క్షణంలో అది మధ్య దిమ్మలోంచి జారి పడుతుంది. టేబుల్ మీద చిన్న చప్పుడు కూడా వినిపించదు. అది పోయిందని తెలియక పిన్ను మళ్లీ పెడితే పిన్ను ఏ ఇబ్బందీ లేకుండా, మరీ సులువుగా లోపలికి పోతుంది. ఆ సులువే ప్రమాద సూచన. సుత్తి అవసరం లేకుండా వేలితో నెడితే పిన్ను వెళ్లిపోయిందంటే లోపల కాలర్ లేదని అర్థం. ఆ చైను రోడ్డు మీద ఎక్కడో తెగి వాచీ పడిపోతుంది.

మూడోది స్క్రూ. ఖరీదైన చైనుల్లో ఇదే ఎక్కువ. పిన్ను ఒక కొసన తల, తల మీద గాడి, రెండో కొసన మరలు. మరలు అటు రెక్కలో బిగుస్తాయి. స్క్రూడ్రైవర్ మొన గాడి వెడల్పుకు, మందానికి సరిగ్గా సరిపోవాలి. చిన్నదైతే జారి తల పక్కనున్న పాలిష్ మీద గీత పడుతుంది. చేతి కదలికకు మరలు వాటంతట అవి వదులు కాకుండా, బిగించే ముందు మరల మీద లాక్ చేసే జిగురు ఒక చుక్క పెడతారు. అది పాతబడి గట్టిగా పట్టుకుంటే వేడి తగిలించి మెత్తబరిచి తీస్తారు. కొన్ని కంపెనీల స్క్రూలకు రెండు వైపులా తలలుంటాయి, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని తిప్పాలి, అంటే రెండు స్క్రూడ్రైవర్లు ఒకేసారి. టైటానియం చైనులైతే ఇంకా నెమ్మది అవసరం. ఆ లోహానికి తనలో తాను రాసుకుంటే అతుక్కుపోయే గుణముంది.

ఇక పని ఎలా సాగుతుందో చూడాలి. మా అన్నయ్య కూతురికి మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిన స్టీలు చైను వాచీ తీసుకుని, విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న కొట్టుకు వెళ్లాం. పిల్ల మణికట్టు సరిగ్గా 14 సెంటీమీటర్లు. చైను లాక్ వేసి పెడితే మోచేయి దాకా వెళుతోంది. కొట్టులో పెద్దాయన వాచీ తీసుకోలేదు, ముందు చెయ్యి చూశారు. “చెయ్యి కిందికి వేలాడేయమ్మా, బిగబట్టకు,” అన్నారు. కాసేపు ఊరుకుని, అప్పుడు వాచీ తొడిగి, మణికట్టు కింద చైనును రెండు వేళ్లతో చిటికె పట్టి, మిగిలిన భాగంలో లింకులు లెక్కపెట్టారు.

“ఎన్ని తీయాలి బాబాయ్ గారూ?” అంది పిల్ల.

“అయిదు. గాజులు ఈ చేతికే వేసుకుంటావా?”

“పెళ్లిళ్లకు వేసుకుంటానండి.”

“అయితే ఎముక వెనక నిలబడాలి. ముందుకు జారితే గాజులు రాసుకుని గీతలు పడతాయి.”

ఆ ఎముక సంగతి ముఖ్యం. మణికట్టు పైన చిటికెన వేలు వైపు ఒక గుండు ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది. వాచీ దాని వెనక, మోచేయి వైపు కూర్చోవాలి. వదులు చైను ఆ ఎముక మీదికి ఎక్కి దిగుతూ రోజంతా రుద్దుతుంది. ఎడమ చేతికి పెట్టుకున్నప్పుడు 12 అంకె వైపు చైను ఈ ఎముక ఉన్న పక్కగానే కిందికి దిగుతుంది, 6 వైపు చైను బొటనవేలి పక్కగా. అందుకని లింకులు బేసి సంఖ్యలో తీయాల్సి వస్తే 12 వైపు ఒకటి ఎక్కువ మిగల్చడం చాలామంది పనివాళ్ల అలవాటు. అసలు లక్ష్యం మాత్రం లింకుల సంఖ్య కాదు, లాక్ మణికట్టు అడుగున నడిమధ్య పడటం. లాక్ ఒక పక్కకు పడితే వాచీ తల రెండో పక్కకు ఒరుగుతుంది, టైము చూసుకున్న ప్రతిసారీ చెయ్యి తిప్పుకోవాలి. పెద్దాయన 6 వైపు మూడు, 12 వైపు రెండు తీయాలని తేల్చారు. లింకు పొడవు 8 మిల్లీమీటర్లు, అయిదింటికి 4 సెంటీమీటర్లు పోతాయి.

మూడు లింకులు తీయాలంటే పిన్నులన్నీ తోయనక్కర్లేదు, రెండు చాలు. మూడింటి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. మధ్యలోవి వాటి పిన్నులతోనే ఒక ముక్కగా ఊడివస్తాయి. ఏ కీళ్లను ముట్టుకోనక్కర్లేదో వాటిని ముట్టుకోకపోవడం కూడా పనితనంలో భాగమే. అవి ఫ్యాక్టరీలో బిగించిన బిగువుతోనే ఉండిపోతాయి.

ఆయన ముందు స్ప్రింగ్ బార్ మొన నొక్కి లాక్‌ను ఒక వైపు విడదీశారు, చైను బల్లపరుపుగా పరుచుకుంది. టేబుల్ మీద తెల్లటి గుడ్డ, దాని చుట్టూ అంచులున్న ట్రే. ఇది పిన్ను-కాలర్ చైను గనక, కాలర్ ఎక్కడ పడినా కనబడాలని, దొర్లి కింద పడకూడదని. చైనును గాళ్లున్న ప్లాస్టిక్ దిమ్మలో నిలువుగా నిలబెట్టారు, బాణం కిందికి చూసేలా. దిమ్మకు అడుగున కన్నం ఉంది, పిన్ను దిగాల్సింది దానిలోకి. కంటికి భూతద్దం తగిలించుకుని పంచ్ మొనను లింకు పక్కనున్న చుక్క మీద ఆనించారు. పంచ్ పిన్ను కంటే ఒక వెంట్రుక సన్నం. సమానంగా ఉంటే కన్నాన్ని ఒరుసుకుంటుంది, మరీ సన్నమైతే వంగుతుంది. పంచ్ నిట్టనిలువుగా ఉందా లేదా అని పక్కనుంచి ఒకసారి చూసుకుని, ఇత్తడి తల సుత్తితో చిన్న దెబ్బ వేశారు. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు చప్పుడు మారింది. పట్టు వదిలిన పిన్ను చప్పుడు వేరు, కొంచెం బోలుగా ఉంటుంది. ఆ చప్పుడు వినగానే ఆయన సుత్తి పక్కన పెట్టేశారు. మిగతాది చేత్తోనే నెట్టారు. అవతలి వైపు రెండు మిల్లీమీటర్ల మేర బయటికొచ్చిన పిన్నును ప్లయర్స్‌తో పట్టి, తిప్పకుండా తిన్నగా లాగారు.

లింకులు విడదీసే ముందు చైనును గుడ్డ మీద పడుకోబెట్టి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని విప్పారు. కాలర్ మధ్య దిమ్మలోంచి సగం జారి ఆగింది. ట్వీజర్‌తో తీసి, పిన్నుకే గుచ్చి పక్కన పెట్టారు. ఏ పిన్నుకు ఏ కాలరో కలిసిపోకుండా ఉండటానికి అంతకంటే తేలిక మార్గం లేదు. నాలుగు పిన్నులు బయటికి రావాలి, రెండు తిరిగి లోపలికి పోవాలి.

బిగించేటప్పుడు కాలర్‌ను ట్వీజర్‌తో మధ్య కన్నంలో పెట్టి, లింకుల రెక్కల్ని దానికిరువైపులా చేర్చి, వేలితో నొక్కి పట్టుకున్నారు. పిన్నును బాణానికి ఎదురు వైపు నుంచి వేలితో దూర్చారు. రెక్క దాటింది, కాలర్ అంచుకు వచ్చి ఆగింది. అక్కడ ఆగాలి కూడా. అప్పుడు మళ్లీ సుత్తి, ఈసారి పొట్టి పంచ్‌తో, మూడు చిన్న దెబ్బలు. చివరి దెబ్బకు పిన్ను కొస రెక్క అంచు కంటే కాగితం మందం లోపలికి దిగింది. రెండు వైపులా గోటితో గీసి చూసుకున్నారు. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే చీరె అంచు కూడా తట్టుకుంటుంది. తర్వాత కీలును చివరికంటా అటూ ఇటూ వంచారు. కొత్తగా బిగించిన కీలు పక్క కీళ్లంత తేలిగ్గా వంగితేనే కాలర్ తిన్నగా కూర్చున్నట్టు. అడ్డంగా ఉంటే వంపులో మొండితనం తెలుస్తుంది.

చైను 4 సెంటీమీటర్లు తగ్గింది. కానీ లింకులతో జరిగేది ముతక సర్దుబాటు మాత్రమే. 8 మిల్లీమీటర్ల మెట్లు ఎక్కి దిగడమే కుదురుతుంది, మధ్యలో ఆగడం కుదరదు. మధ్యలో ఆగే పని లాక్ చేస్తుంది. మడత లాక్ పెట్టెకు పక్కన చిన్న కన్నాల జతలు వరసగా ఉంటాయి. చైను చివరి లింకును పట్టుకున్న స్ప్రింగ్ బార్ మొనలు వాటిలో ఒక జతలో కూర్చుంటాయి. కన్నానికీ కన్నానికీ రెండున్నర మిల్లీమీటర్ల దూరం, నాలుగు జతల కన్నాలు ఉన్నాయనుకుందాం. మొదటి కన్నం నుంచి నాలుగో కన్నానికి ఏడున్నర. అది దాదాపు ఒక లింకు పొడవు. అంటే కన్నాలు అయిపోయే చోట లింకు మొదలవుతుంది. పొడవుల్లో ఎక్కడా దాటలేని ఖాళీ మిగలదు, ఏ చేతికైనా మిల్లీమీటరు పైన కొద్ది తేడాలో సరిపోయే స్థానం ఒకటి దొరుకుతుంది. లింకు పొడవును, కన్నాల దూరాన్ని, వాటి సంఖ్యను ఇలా ఒకదానికొకటి జత కుదిర్చి పెట్టినవాడు కాగితం మీద ఎంతసేపు కూర్చున్నాడో అనిపిస్తుంది నాకు. ఆ లెక్క తప్పిన చైనులూ బజార్లో ఉన్నాయి. రెండే కన్నాలు, పొడుగు లింకులు. వాటిని పెట్టుకున్నవాళ్లు ఎప్పుడూ ఒక లింకు బిగువో, ఒక లింకు వదులో అంటూనే ఉంటారు.

చిన్న మణికట్టు మీద ఈ సన్న సర్దుబాటుకు విలువ ఎక్కువ. 18 సెంటీమీటర్ల చేతి మీద రెండున్నర మిల్లీమీటర్లంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. 14 సెంటీమీటర్ల చేతి మీద దాదాపు రెండు. పైగా చెయ్యి ఒకే కొలతలో ఉండదు. ఎండకు, నడకకు, ఉప్పు ఎక్కువ తిన్న మర్నాటికి ఉబ్బుతుంది. రోహిణి కార్తెలో బెజవాడ బస్టాండులో నిలబడ్డ చెయ్యి, డిసెంబరు తెల్లవారుజామున ఉన్న చెయ్యి ఒకటి కాదు. కొన్ని కొత్త లాకులు ఈ తేడాను పనిముట్టు లేకుండానే సర్దుతాయి. రోలెక్స్ గ్లైడ్‌లాక్ లోపల పళ్ల పట్టీ ఉండి 2 మిల్లీమీటర్ల చొప్పున 20 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది. అదే కంపెనీ ఈజీలింక్‌లో మడిచి పెట్టిన ఒక ముక్కను విప్పితే 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కార్టియే 2018 నాటి సాంటోస్ చైనులోనైతే లింకు అడుగున ఉన్న చిన్న మీట నొక్కితే పిన్నే పక్కకు జరుగుతుంది, సుత్తీ పంచూ అక్కర్లేదు. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కాకపోతే పళ్ల పట్టీ పట్టాలంటే లాక్ పొడవు పెరగాలి. పొడుగు లాక్ సన్నటి మణికట్టు అడుగున పీటలా ఎత్తుగా నిలబడుతుంది. చిన్న చేతికి నేనైతే నాలుగు కన్నాల పొట్టి లాకునే కోరుకుంటాను.

రెండు రెక్కలుగా తెరుచుకునే సీతాకోకచిలుక లాకుల్లో చాలావాటికి కన్నాలే ఉండవు. చూడ్డానికి చైను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియనంత నాజూకుగా ఉంటుంది, ఆ నాజూకు కోసం సన్న సర్దుబాటును వదులుకున్నారు. అలాంటి చైనుకు సగం లింకులు దొరుకుతాయేమో కొనేముందే కనుక్కోవాలి. అల్లిక చైనుల్లో లింకు తీసే పనే లేదు, లాకునే జరిపి బిగిస్తారు. అమెరికాలో స్పైడల్ కంపెనీ 1959లో తెచ్చిన ట్విస్టోఫ్లెక్స్ లాంటి సాగే చైనుల దారి వేరే. అందులో ప్రతి చిన్న ముక్కలోనూ స్ప్రింగు రేకుంటుంది, చైనే చేతిని వెతుక్కుని బిగుసుకుంటుంది.

పెద్దాయన వాచీ మళ్లీ తొడిగి లాక్ వేశారు. చైనుకూ చేతికీ మధ్య చిటికెన వేలు దూర్చమన్నారు. దూరింది, కానీ గోటి వరకే. బార్ మొన నొక్కి ఒక కన్నం వదులు చేసి మళ్లీ చూశారు. ఈసారి వేలు మొదటి కణుపు దాకా వెళ్లింది. చెయ్యి పైకెత్తి దింపమంటే వాచీ ఎముక వెనక ఒక పిసరు జరిగి ఆగింది. పిడికిలి బిగించమన్నారు, చర్మం మీద లింకుల అచ్చు పడలేదు. చివరగా లాక్ తెరిచి చైనును రెండు చేతుల్తో పట్టుకుని, కొత్తగా బిగించిన రెండు కీళ్ల దగ్గరా గట్టిగా లాగి చూశారు. ఆ లాగడంలో మొహమాటం లేదు. తెగేదైతే ఇక్కడే తెగాలి.

వేసవిలో బిగువనిపిస్తే ఏ కన్నంలోకి మార్చుకోవాలో, బార్ మొనను దేనితో నొక్కాలో పిల్లకు చేయించి చూపించారు. మొదట భయపడింది గానీ రెండోసారికి తనే మార్చేసింది. ఆ తర్వాత ఆయన ట్రే వైపు తిరిగారు. తీసిన మూడు లింకుల ముక్క ఒకటి, రెండు లింకుల ముక్క ఒకటి, మిగిలిన పిన్నులు రెండు, వాటికి గుచ్చిన కాలర్లు రెండు. అన్నీ ఒక చిన్న ప్లాస్టిక్ కవర్లో వేశారు. కాలర్ల కొలత ఒక మోడల్‌కూ ఇంకో మోడల్‌కూ కలవదు. లింకులు దాచుకుని కాలర్లు పారేసుకున్నవాళ్లు, చెయ్యి లావెక్కి చైను పెంచుకోవాలన్నప్పుడు ఆయన దగ్గరికి వస్తూనే ఉంటారట. అందుకని కవరు మూతి మడిచి, వారంటీ కార్డుకు స్టేపుల్ కొట్టి ఇచ్చారు.